రాత్రి రెండింటికి ఫోన్లో చెప్పే జర్నల్ పాఠం

"మేడమ్, స్క్రీన్ మీద 'రికవరింగ్ జర్నల్' అని వచ్చి ఆగిపోనాది. ఏటి చెయ్యమంటారు?"

రాత్రి రెండు దాటాక మా నైట్ షిఫ్ట్ కుర్రాడి ఫోన్. వెనకాల జనరేటర్ మోత. నేను కంచరపాలెంలో మంచం మీద, వాడు గాజువాక ఆటోనగర్‌లో సర్వర్ గదిలో. "ఏమీ చెయ్యకు. చేతులు కీబోర్డు మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకో" అన్నాను. ఇంకో అర నిమిషానికి లాగిన్ ప్రాంప్ట్ వచ్చేసింది. నిజానికి ఆ అర నిమిషంలో మళ్లీ కరెంటు పోయినా పెద్ద నష్టం లేదు, తర్వాతిసారి జర్నల్‌ని మళ్లీ మొదటి నుంచి చదువుకుంటుంది. ఆ సంగతి ఆ రాత్రి వాడికి చెప్పలేదు. చెబితే పవర్ బటన్ నొక్కే అలవాటు పడుతుంది.

రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీకి నేను సర్వర్లు చూస్తాను. కోల్డ్ రూముల ఉష్ణోగ్రతలు నిమిషం నిమిషం రికార్డవ్వాలి, కెమెరాల ఫొటోలు దాచాలి, బిల్లింగ్ నడవాలి. అన్నీ లినక్స్ మీదే, ఎక్కువ డిస్కులు ఈఎక్స్‌టీ4 (డిస్కులో ఫైళ్లను అమర్చే ఒక ఫైల్ సిస్టమ్). ఆ డిస్కుల జర్నల్ గురించి ఆ కుర్రాడికి ఫోన్లో చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. కమాండ్లు కూడా ఫోన్లో పలికినట్టే తెలుగులో రాస్తాను, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టండి. ఎక్కడైనా పెద్ద అక్షరం ఉంటే విడిగా చెబుతాను. చెప్పలేదంటే చిన్నదే. ఈ విషయం మర్చిపోవద్దు, ఎందుకంటే ఈ కమాండ్లలో చిన్న ఓ వేరు, పెద్ద ఓ వేరు. అన్నీ రూట్‌గా, అంటే పూర్తి అధికారాలున్న అడ్మిన్ ఖాతాలో కొట్టాల్సినవే.

ఇంకో మాట. జనరేటర్ మోతలో బీ, డీ, పీ ఒక్కలాగే వినిపిస్తాయి. ఒకసారి నేను ఎస్‌డీబీ అన్నాను, వాడు ఎస్‌డీడీ అని కొట్టాడు. ఆ పేరుతో డిస్కు లేదు కాబట్టి బతికిపోయాం. ఆ రోజు నుంచి మా ఇద్దరి లెక్క ఇదీ: ఏ ఫర్ అనకాపల్లి, బీ ఫర్ బొబ్బిలి, సీ ఫర్ చీపురుపల్లి, డీ ఫర్ దువ్వాడ, పీ ఫర్ పాడేరు. "ఎస్, దువ్వాడ, బొబ్బిలి, ఒకటి" అంటే /డెవ్/ఎస్‌డీబీ1. వాడు తిరిగి నాకు చదివి వినిపించాకే ఎంటర్.

చిట్టా, ఆవర్జా

జర్నల్ అంటే ఏమిటో వాడికి రెండుసార్లు పుస్తకాల భాషలో చెప్పాను, బుర్రకెక్కలేదు. మూడోసారి మా నాన్న కొట్టు సంగతి చెబితే ఎక్కింది.

పూర్ణా మార్కెట్లో మాకు బెల్లం కొట్టు ఉండేది. అనకాపల్లి నుంచి సరుకు వచ్చేది. గుమస్తా దగ్గర రెండు పుస్తకాలు. జరిగింది జరిగినట్టు వెంటనే రాసేది చిట్టా. రాత్రి కొట్టు కట్టేసే ముందు దాన్ని చూసి ఎవరి ఖాతాలోకి వాళ్లది ఎక్కించేది ఆవర్జా. చిట్టాలో ఒక లావాదేవీ పూర్తిగా రాశాక కింద రెండు గీతలు గీసేవాడు. ఆవర్జాలోకి ఎక్కించాక పక్కన టిక్కు పెట్టేవాడు. మధ్యలో కరెంటు పోయిందనుకోండి, పొద్దున్న వచ్చి ఆవర్జా మొత్తం తిరగెయ్యక్కర్లేదు. చిట్టాలో టిక్కు లేనివి చూసి మళ్లీ ఎక్కిస్తే చాలు. రెండు గీతలు లేని పద్దు ఉంటే, అది సగంలో ఆగింది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోడు.

ఈఎక్స్‌టీ4 చేసేది అచ్చంగా ఇదే. చిట్టా అంటే జర్నల్, డిస్కులో 8వ నంబర్ ఐనోడ్‌లో (ఒక్కో ఫైలు వివరాలు రాసి ఉండే గడి) దాక్కుని ఉంటుంది. రెండు గీతలు అంటే కమిట్ బ్లాక్. కరెంటు వచ్చాక కమిట్ బ్లాక్ ఉన్న పద్దులను అసలు చోట మళ్లీ రాస్తుంది, లేనివాటిని వదిలేస్తుంది. స్క్రీన్ మీద కనపడే 'రికవరింగ్ జర్నల్' ఆ పనే. పూర్వం ఈఎక్స్‌టీ2లో ఈ చిట్టా లేదు, మెషీన్ పడిపోతే ఆవర్జా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా సరిచూడాల్సిందే. స్టీఫెన్ ట్వీడీ అనే ప్రోగ్రామర్ దానికి జర్నల్ జోడించిన పని ఈఎక్స్‌టీ3గా 2001లో లినక్స్ కెర్నల్‌లో, అంటే దాని గుండెకాయలో చేరింది. 2008 చివర్లో 2.6.28 కెర్నల్‌తో ఈఎక్స్‌టీ4 స్థిరపడింది.

ఒక సందేహం ఇక్కడే తీర్చేస్తాను. జర్నల్‌సీటీఎల్ అనే కమాండ్ చూపించే జర్నల్ వేరు. అది సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) రాసుకునే లాగ్. మా వాడు డిస్కులో చోటు చాలడం లేదని జర్నల్‌సీటీఎల్‌తో పాత లాగ్‌లు తీసేసి, "మేడమ్, డిస్క్ జర్నల్ ఖాళీ చేసేశాను" అని గొప్పగా మెసేజ్ పెట్టాడు. నాకు నిద్ర పట్టలేదు ఆ రాత్రి, తర్వాత చూస్తే ఏమీ కాలేదు.

ముందు చూడండి, తర్వాతే చెయ్యి పెట్టండి

ఏ డిస్కు మీద ఏ ఫైల్ సిస్టమ్ ఉందో చూడ్డానికి:

ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్

పార్టిషన్ పేరు, రకం, లేబుల్, యూయూఐడీ (దాని సొంత గుర్తింపు నంబర్), ఎక్కడ మౌంట్ అయిందో (అంటే ఏ ఫోల్డర్‌కి తగిలించారో) అన్నీ వస్తాయి. యూయూఐడీ రాసి పెట్టుకోండి. రీబూట్ తర్వాత ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు తారుమారు కావచ్చు. మాకు కొత్త డిస్కు పెట్టిన రోజు సరిగ్గా అదే జరిగింది, నిన్నటి బొబ్బిలి ఇవాళ చీపురుపల్లి అయిపోయింది.

ఇప్పుడు జర్నల్ ఉందా లేదా:

ట్యూన్2ఎఫ్ఎస్ -ఎల్ /డెవ్/ఎస్‌డీబీ1

వచ్చిన చాంతాడులో 'ఫైల్‌సిస్టమ్ ఫీచర్స్' అనే వరస వెతకండి. అందులో హ్యాజ్_జర్నల్ అన్న మాట ఉంటే ఉన్నట్టు. అదే వరసలో నీడ్స్_రికవరీ అని కూడా కనపడొచ్చు. కంగారు పడకండి. డిస్కు రాసుకునే స్థితిలో మౌంట్ అయి ఉన్నంతసేపు అది ఉంటుంది, పద్ధతిగా అన్‌మౌంట్ చేస్తే పోతుంది. అన్‌మౌంట్ చేసి ఉన్న డిస్కు మీద ఆ మాట కనపడితేనే అది నిజంగా పడిపోయిన డిస్కు.

జర్నల్ ఎంత పెద్దదో తెలియాలంటే:

డంప్‌ఈ2ఎఫ్ఎస్ -హెచ్ /డెవ్/ఎస్‌డీబీ1

ఈ -హెచ్ మర్చిపోతే డిస్కులోని ప్రతి బ్లాక్ గ్రూపు వివరమూ తెర మీద పారుతుంది, టీ తాగి వచ్చినా ఆగదు. చివర్లో జర్నల్ సైజు ఉంటుంది. ఇప్పటి వెర్షన్లలో 128 జీబీ దాటిన డిస్కుకి మామూలుగా 1 జీబీ జర్నల్ ఇస్తుంది. పాత సర్వర్లలో ఎంత పెద్ద డిస్కయినా 128 ఎంబీయే కనపడుతుంది.

ఇప్పుడు ఏ పద్ధతిలో నడుస్తోందో చూడ్డానికి మౌంట్ అని కొడితే అన్నీ చూపించదు, డిఫాల్ట్‌గా ఉన్నవి దాచేస్తుంది. ఇది చూడండి:

క్యాట్ /ప్రాక్/ఎఫ్ఎస్/ఈఎక్స్‌టీ4/ఎస్‌డీబీ1/ఆప్షన్స్

ఇక్కడ డేటా=ఆర్డర్డ్, కమిట్=5, బ్యారియర్ లాంటివన్నీ దాపరికం లేకుండా ఉంటాయి.

హుద్‌హుద్ నాటి డిస్కు

2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. గంటకు 170 కిలోమీటర్లు దాటిన గాలి. విశాఖలో ఉన్నవాళ్లకి ఆ రోజు గురించి చెప్పక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్ పైకప్పే ఎగిరిపోయింది, మా ఆఫీసు మేడ మీది రేకులెంత? నేను అప్పుడు వేరే చోట పనిచేసేదాన్ని. యూపీఎస్ దిగిపోయింది, జనరేటర్‌లో డీజిల్ అయిపోయింది, రోడ్ల మీద చెట్లు పడి డీజిల్ తెచ్చే దారి లేదు. సర్వర్లు ఉన్నవి ఉన్నట్టు ఆగిపోయాయి.

రోజుల తర్వాత కరెంటు వచ్చాక రెండు డిస్కులు ఆన్ చేశాను. ఒకటి పది సెకన్లలో 'రికవరింగ్ జర్నల్' అని, 'క్లీన్' అని లేచి కూర్చుంది. రెండోది 2 టీబీ డిస్కు, నిండా చిన్న చిన్న ఫైళ్లు. దాని మీద చెకింగ్ మొదలైంది. మధ్యాహ్నం మొదలైంది రాత్రి దాకా నడిచింది. ఎందుకో తెలియక ట్యూన్2ఎఫ్ఎస్ కొట్టి చూస్తే హ్యాజ్_జర్నల్ అన్న మాటే లేదు. నాకన్నా ముందు పనిచేసినాయన స్పీడ్ కోసం అని జర్నల్ తీసేశాడు. ఎక్కడా ఒక్క ముక్క రాసి పెట్టలేదు. చివరికి లాస్ట్+ఫౌండ్ అనే ఫోల్డర్లో వందల ఫైళ్లు తేలాయి, పేర్లు లేవు, # గుర్తు పక్కన ఒక్కో నంబర్. ఒక్కొక్కటీ తెరిచి ఇది ఇన్వాయిస్సా, ఇది ఫొటోనా అని చూసుకుంటూ రెండు వారాలు గడిపాను. టార్చిలైట్లో అన్నం తిన్న రోజులవి.

అందుకే, స్పీడ్ కోసం జర్నల్ తీసేద్దామా అని అడిగితే నేను మొదట అడిగేది, ఆ డిస్కులోది రేపు మొత్తం పోతే ఏడుస్తావా అని. ఏడవను అంటే తీసెయ్యొచ్చు. మళ్లీ తయారు చేసుకోగల క్యాష్, తాత్కాలిక ఫైళ్లు, ఇలాంటివాటికి సరే. గూగుల్ వాళ్లు ఈఎక్స్‌టీ4ని జర్నల్ లేకుండా వాడారు, ఆ సదుపాయం 2009లో 2.6.29 కెర్నల్‌లోకి వచ్చిందీ వాళ్ల చలవే. వాళ్లకి ఒక్కో ఫైలు కాపీలు వేర్వేరు మెషీన్లలో ఉంటాయి. మనకి ఉన్న ఒక్క కాపీ ఆటోనగర్‌లో ఉప్పుగాలికి తుప్పు పడుతున్న డబ్బాలో ఉంది.

తియ్యడం, పెట్టడం, పెంచడం

సరే, తియ్యాల్సి వచ్చిందనుకోండి. లేదా చిన్న జర్నల్‌ని పెద్దది చెయ్యాలి. రెండింటికీ దారి ఒకటే. జర్నల్‌ని సాగదీసే కమాండ్ లేదు, పాతది తీసి కొత్తది పెట్టడమే.

బ్యాకప్ తీశారా? తీసిన బ్యాకప్ నుంచి ఒక్క ఫైలైనా వెనక్కి తెచ్చి చూశారా? అయితే ముందుకు.

యూమౌంట్ /కెమెరా

స్పెల్లింగ్ గమనించండి, యూ తర్వాత ఎన్ లేదు. మా వాడు ఎన్ పెట్టి కొట్టి, 'కమాండ్ నాట్ ఫౌండ్' అని వస్తే సర్వరే పాడైపోయిందనుకున్నాడు. 'టార్గెట్ ఈజ్ బిజీ' అంటే ఎవరో ఆ డిస్కు వాడుతున్నారు:

ఫ్యూజర్ -వీఎం /కెమెరా

ఏ ప్రాసెస్, ఏ యూజర్ అన్నది చెబుతుంది. పదిసార్లలో ఎనిమిదిసార్లు అది మీ సొంత టెర్మినలే, ఆ ఫోల్డర్లోకి వెళ్లి అక్కడే నిలబడి తలుపు వెయ్యమంటున్నారు.

ట్యూన్2ఎఫ్ఎస్ -ఓ ^హ్యాజ్_జర్నల్ /డెవ్/ఎస్‌డీబీ1

ఇక్కడ ఓ పెద్ద అక్షరం. ఆ టోపీ గుర్తు ^ అంటే తీసెయ్ అని, కీబోర్డులో 6 మీద ఉంటుంది. డిస్కు రాసుకునే స్థితిలో మౌంట్ అయి ఉంటే ఈ కమాండ్ ఒప్పుకోదు. నీడ్స్_రికవరీ గుర్తు ఉన్నా ఒప్పుకోదు, ముందు ఈ2ఎఫ్ఎస్‌సీకే (డిస్కు చెకింగ్ చేసే కమాండ్) నడపమంటుంది. ఆ మాట వినండి. ఎక్కించని పద్దులున్న చిట్టాని చింపెయ్యకూడదనే అది చెప్పేది. -ఎఫ్ పెట్టి బలవంతం చెయ్యొచ్చని ఎక్కడో చదివి ప్రయత్నించకండి.

తీశాక ఒకసారి పూర్తి చెకింగ్:

ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్ /డెవ్/ఎస్‌డీబీ1

ఇది ఇక్కడ తప్పనిసరి కాదు, నేను మాత్రం మానను. పునాది సరిగా ఉందో లేదో చూసుకుని కొత్త గోడ కట్టినట్టు. తర్వాత కొత్త జర్నల్:

ట్యూన్2ఎఫ్ఎస్ -జే సైజ్=1024 /డెవ్/ఎస్‌డీబీ1

ఇక్కడ జే పెద్దది. 1024 అంటే ఎంబీల్లో. సైజు మీరు చెప్పక్కర్లేదు, అదే నిర్ణయించుకోవాలి అనుకుంటే చిన్న జే ఒక్కటి పెట్టి, సైజ్ మాట లేకుండా కొడితే చాలు. తక్కువలో తక్కువ 1024 బ్లాకులు ఉండాలి, 4 కేబీ బ్లాకులైతే 4 ఎంబీ అన్నమాట. పెద్దదైతే మంచిదే కదా అని 10 జీబీ ఇవ్వకండి. ఎప్పుడూ రాసే పని ఉండే డిస్కుకి 1 జీబీ ఉపయోగమే, ఆ పైన మా పనికి తేడా కనపడలేదు. పడిపోయిన రోజు చదవాల్సిన చిట్టా మాత్రం పెరుగుతుంది.

మౌంట్ అయి ఉన్న డిస్కుకి కూడా జర్నల్ పెట్టొచ్చు. అప్పుడు ఆ డిస్కులో అన్నిటికన్నా పై ఫోల్డర్లో .జర్నల్ అనే ఫైలు కనపడుతుంది. ఇదేంటి చెత్త అని తీసెయ్యబోకండి. తర్వాతి చెకింగ్‌లో అదే దాన్ని లోపలికి దాచేస్తుంది.

మూడు పద్ధతులు

జర్నల్ ఉన్నా, అందులో ఏం రాయాలి అన్నదానికి మూడు పద్ధతులున్నాయి. మళ్లీ బెల్లం కొట్టుకే రండి.

డిఫాల్ట్‌గా ఉండేది ఆర్డర్డ్. ముందు బస్తాలు గోడౌన్‌లో దించుతారు, దించాక చిట్టాలో రెండు గీతలు. ఫలానా చోట ఇరవై బస్తాలు అని పద్దు ఉందంటే అక్కడ నిజంగా అవే బస్తాలుంటాయి. ఇది చాలా మందికి సరిపోతుంది, నా డిస్కుల్లో ఒక్కటి తప్ప అన్నీ ఇదే.

రైట్‌బ్యాక్ అంటే వరస పట్టింపు లేదు. బస్తాలు ఇంకా లారీలోనే ఉన్నా పద్దు రాసేస్తారు. లెక్కల పుస్తకం తప్పు కాదు, ఆవర్జా చక్కగా ఉంటుంది, కానీ కరెంటు పోయి వచ్చాక పద్దులో రాసిన గదిలోకి వెళ్లి చూస్తే కొత్త బెల్లం ఉండదు, నిరుడు మిగిలిన పాత సరుకు ఉంటుంది. ఫైల్ విషయంలో అంటే, మీరు రాసిన ఫైల్లో ఎవరిదో చెరిపేసిన పాత ఫైలు తాలూకు ముక్కలు. కాస్త స్పీడ్ వస్తుంది. దాని కోసం నేను ఈ టెన్షన్ పడను.

మూడోది జర్నల్ పద్ధతి. బస్తాల లెక్కే కాదు, బస్తాలోని సరుకు మొత్తం కూడా ముందు చిట్టాలో, తర్వాత అసలు చోట. ప్రతిదీ రెండుసార్లు రాయాలి కాబట్టి నెమ్మది. ఒక్క డిస్కు మీద వాడుతున్నాను, కోల్డ్ రూమ్ రీడింగులది. అది చిన్న డిస్కు, రాసేది తక్కువ, పోతే మాత్రం ఎగుమతి ఇన్‌స్పెక్షన్‌లో సమాధానం చెప్పుకోవాలి. డేటాబేస్ ఉన్న డిస్కుకి ఇది వద్దు, పోస్ట్‌గ్రెస్ లాంటివి తమ చిట్టా తామే రాసుకుంటాయి.

మార్చాలంటే /ఈటీసీ/ఎఫ్ఎస్‌టాబ్ ఫైల్లో (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ అవ్వాలో రాసి ఉండేది) ఆ డిస్కు వరసలో ఆప్షన్ల దగ్గర డేటా=జర్నల్ అని రాసి, అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చెయ్యాలి. రీమౌంట్ అంటే కుదరదు, నడుస్తుండగా పద్ధతి మార్చనివ్వదు. రూట్ డిస్కుకి, అంటే లినక్స్ ఉన్న డిస్కుకి ఎఫ్ఎస్‌టాబ్‌లో రాస్తే ఇంకా చిక్కు: బూట్ అయ్యేటప్పుడు అప్పటికే మౌంట్ అయిపోయి ఉంటుంది, పద్ధతి మార్చబోయి విఫలమై, రాయడానికి వీల్లేని స్థితిలో ఆగిపోతుంది. ఒకసారి దువ్వాడ దాటి రైల్లో ఉండగా నాకీ ఫోన్ వచ్చింది, తప్పు నాదే. రూట్ డిస్కుకి డిస్కులోనే రాసి పెట్టడం మేలు:

ట్యూన్2ఎఫ్ఎస్ -ఓ జర్నల్_డేటా /డెవ్/ఎస్‌డీఏ2

ఈసారి ఓ చిన్నది. చూశారా, ఇందాక పెద్ద ఓ ఫీచర్లకి, ఇప్పుడు చిన్న ఓ డిఫాల్ట్ మౌంట్ ఆప్షన్లకి.

కమిట్ సంగతి రెండు ముక్కల్లో. మామూలుగా 5 సెకన్లకోసారి చిట్టాలో గీతలు పడతాయి. ఎఫ్ఎస్‌టాబ్‌లో కమిట్=30 అని పెంచితే డిస్కుకి పని తగ్గుతుంది, కరెంటు పోతే అర నిమిషం పని పోవచ్చు. బ్యారియర్ ఆపెయ్యమని సలహాలిస్తారు. వినకండి, చిట్టా రాశాకే ఆవర్జా అన్న వరసని డిస్కులోని క్యాష్ చెడగొట్టకుండా కాపాడేది అదే.

జేబీడీ2ని తిట్టే ముందు

ఒక నెలంతా బిల్లింగ్ నత్తలా నడిచింది. డిస్కుని ఎవరు ఎంత వాడుతున్నారో చూపే ఐఓటాప్ కొడితే పైన జేబీడీ2/ఎస్‌డీబీ1-8 అనే పేరు, పక్కన 99 శాతం. మా వాడు వెంటనే "మేడమ్, జర్నలే తినేస్తోంది, తీసేద్దామా" అన్నాడు. హుద్‌హుద్ కథ మళ్లీ మొదలుపెట్టాను.

జేబీడీ2 అంటే చిట్టా రాసే గుమస్తా. చివర ఉన్న 8 అంటే ఇందాక చెప్పిన 8వ ఐనోడ్. గుమస్తా ఊపిరాడకుండా రాస్తున్నాడంటే తప్పు గుమస్తాది కాదు, ఎవరో నిమిషానికి నూరుసార్లు వచ్చి "రాశావా? గీత గీశావా?" అని అడుగుతున్నారు. ఆ అడగడం పేరు ఎఫ్‌సింక్. ఇది చూడండి:

క్యాట్ /ప్రాక్/ఎఫ్ఎస్/జేబీడీ2/ఎస్‌డీబీ1-8/ఇన్ఫో

మొదటి వరసలో ఇప్పటిదాకా ఎన్ని ట్రాన్సాక్షన్లు అయ్యాయో ఉంటుంది. నిమిషం ఆగి మళ్లీ కొట్టండి. తేడా చూడండి. ఎవరూ తొందరపెట్టకపోతే 5 సెకన్లకొకటి చొప్పున నిమిషానికి 12 కావాలి. మాకు వందల్లో వచ్చింది. వెతికితే ఉష్ణోగ్రతల ప్రోగ్రామ్ ఒక్కో సెన్సర్ రీడింగ్‌కి ఒక్కో ఎఫ్‌సింక్ చేస్తోంది. ఆ ప్రోగ్రామ్ రాసిన అబ్బాయితో మాట్లాడి రీడింగులన్నీ కూడబెట్టి అర నిమిషానికోసారి రాయించాం, ఆ డిస్కుని బిల్లింగ్ డిస్కు నుంచి వేరు చేశాం. జర్నల్‌ని ముట్టుకోలేదు. బిల్లింగ్ పిల్లలు మర్నాడు మిక్సర్ పొట్లాలు తెచ్చి ఇచ్చారు.

పడిపోయిన డిస్కు

కరెంటు పోయి వచ్చాక డిస్కు మామూలుగా తనంతట తనే లేస్తుంది. లేవలేదంటే మొదట డీఎంఈఎస్‌జీ (కెర్నల్ సందేశాలు చూపే కమాండ్) కొట్టి చూడండి. అందులో ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్లు వరసగా ఉంటే అది జర్నల్ గొడవ కాదు, డిస్కే పోతోంది. అప్పుడు చెకింగ్ నడిపితే మిగిలిన ప్రాణం కూడా పోతుంది. దాని మీద ఒక్క అక్షరం రాయకుండా డేటా బయటకు తీసుకోవాలి. ఇక్కడ చాలామంది పొరపడేది, రీడ్ ఓన్లీగా మౌంట్ చేస్తే ఏమీ రాయదనుకోవడం. రాస్తుంది. రీడ్ ఓన్లీ అయినా ముందు జర్నల్‌ని ఎక్కించాకే మౌంట్ చేస్తుంది. అది కూడా వద్దంటే:

మౌంట్ -ఓ ఆర్‌ఓ,నోలోడ్ /డెవ్/ఎస్‌డీబీ1 /ఎంఎన్‌టీ

ఓ చిన్నది. చిట్టా తెరవకుండా ఆవర్జా మాత్రమే చూస్తున్నారు కాబట్టి కొన్ని ఫైళ్లు అసంబద్ధంగా కనపడొచ్చు, తెలిసే చెయ్యండి.

డిస్కు ఆరోగ్యంగానే ఉంటే, అన్‌మౌంట్ స్థితిలో:

ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఈ జర్నల్_ఓన్లీ /డెవ్/ఎస్‌డీబీ1

ఈ పెద్దది. చిట్టా ఎక్కించి ఆగిపోతుంది, ఇంకేమీ ముట్టుకోదు. తర్వాత తీరిగ్గా -ఎఫ్‌తో పూర్తి చెకింగ్. ముందు ఒకసారి -ఎన్ పెట్టి ఊరికే చూద్దాం అనిపిస్తుంది, చూడొచ్చు, కానీ -ఎన్ అంటే జర్నల్ ఎక్కించకుండా చూస్తుంది కాబట్టి లేని జబ్బులన్నీ చూపిస్తుంది. ఆ జాబితా చూసి గుండె జారిపోనివ్వకండి.

చెకింగ్ అయ్యాక ఎకో $? అని కొడితే ఒక అంకె వస్తుంది. 0 అంటే ఏమీ లేదు. 1 అంటే తప్పులున్నాయి, సరిచేసింది. 2 అంటే సరిచేసింది, రీబూట్ చెయ్యమంటోంది. 4 అంటే ఇంకా మిగిలాయి. ఫోన్లో మా వాడు చెప్పాల్సింది ఆ అంకె ఒక్కటే. "చాలా వచ్చింది మేడమ్, చదవలేకపోనాను" అనే మాటకి ఇది విరుగుడు.

ఇవన్నీ అసలు డిస్కు మీద నేర్చుకోకండి. మా వాడికి ఇలా నేర్పాను: 2 జీబీ ఖాళీ ఫైలు తయారు చెయ్యి, దాని మీదే ఫైల్ సిస్టమ్ వెయ్యి, మౌంట్ చెయ్యి.

ట్రంకేట్ -ఎస్ 2జీ ఆట.ఐఎంజీ
ఎంకేఎఫ్ఎస్.ఈఎక్స్‌టీ4 ఆట.ఐఎంజీ
మౌంట్ -ఓ లూప్ ఆట.ఐఎంజీ /ఎంఎన్‌టీ

మొదటి కమాండ్‌లో 2 పక్కన జీ పెద్దది. /ఎంఎన్‌టీలో నాలుగు ఫైళ్లు కాపీ చేసి, సింక్ కొట్టి, మౌంట్ అయి ఉండగానే ఆట.ఐఎంజీకి ఇంకో కాపీ తీయండి. ఆ కాపీ కరెంటు పోయిన డిస్కుతో సమానం. దాని మీద ట్యూన్2ఎఫ్ఎస్ -ఎల్ కొడితే నీడ్స్_రికవరీ కనపడుతుంది, ఈ2ఎఫ్ఎస్‌సీకే నడిపితే 'రికవరింగ్ జర్నల్' అంటుంది. జర్నల్ తియ్యండి, పెట్టండి, సైజు మార్చండి, నాశనం చెయ్యండి, ఎవరూ ఏమీ అనరు. మా వాడు ఒక్క వారంలో ఇలాంటివి పదిహేను నాశనం చేశాడు, ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి.

జర్నల్‌ని వేరే ఎస్ఎస్‌డీ మీద పెట్టే దారి కూడా ఉంది. ఒక పార్టిషన్ మొత్తం దానికే ఇవ్వాలి, బ్లాక్ సైజు రెండు చోట్లా ఒకటే ఉండాలి. మేం ఆర్నెల్లు పెట్టి తీసేశాం. ఆ ఎస్ఎస్‌డీ పోతే అసలు డిస్కు కూడా మౌంట్ కాదు. ఒక డిస్కు కోసం రెండు డిస్కుల ప్రాణాలు మొక్కుకోవడం ఎందుకని.

ఇక మాకున్న ఇంకో సర్వర్. అది రెడ్‌హ్యాట్ కుటుంబానిది, అందులో 7వ వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా ఎక్స్‌ఎఫ్ఎస్ వస్తోంది. పైన చెప్పిన ట్యూన్2ఎఫ్ఎస్ కమాండ్లేవీ దానికి పనిచెయ్యవు. దాని జర్నల్‌ని లాగ్ అంటారు, తీసేసే వీలే లేదు. ఎంత పెద్దదో ఎక్స్‌ఎఫ్ఎస్_ఇన్ఫో చెబుతుంది. అది పడిపోతే చెయ్యాల్సింది ఊరికే మౌంట్ చేసి అన్‌మౌంట్ చెయ్యడం, ఆ మౌంట్‌లోనే లాగ్ ఎక్కిపోతుంది. అప్పటికీ అనుమానం ఉంటే ఎక్స్‌ఎఫ్ఎస్_రిపేర్. లాగ్ ఎక్కకుండానే రిపేర్ అంటే అది ఒప్పుకోదు, ముందు మౌంట్ చెయ్యమని అదే చెబుతుంది. మౌంట్ కూడా కాకపోతే రిపేర్‌కి పెద్ద ఎల్ పెట్టి నడిపే దారి ఒకటుంది. లాగ్‌ని సున్నా చేసేస్తుంది, చిట్టాలో ఎక్కించనివి ఎన్ని ఉంటే అన్నీ పోతాయి.

ఈ కమాండ్లన్నీ ఒక కాగితం మీద రాసి, ఉప్పుగాలికి పాడవకుండా లామినేషన్ చేయించి, సర్వర్ ర్యాక్ తలుపు లోపల అంటించాను. ఆ పెద్ద ఎల్ మాత్రం అందులో రాయలేదు. అది కావాల్సి వస్తే ఏ టైమైనా ఫోన్ చెయ్యమన్నాను. ఇప్పటిదాకా చెయ్యలేదు.